బక్కచిక్కిన బాల్ పైథాన్ మళ్ళీ కోలుకోవాలంటే

బక్కచిక్కిన బాల్ పైథాన్ (ఇళ్ళల్లో పెంచుకునే, విషం లేని చిన్న జాతి కొండచిలువ) మీ ఇంటికొస్తే మొదటి రోజే దాని ముందు ఎలుక పెట్టకండి. మిగతావన్నీ తర్వాత చెప్తాను, ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి. చిక్కిపోయిన ప్రాణి కనిపిస్తే కడుపునిండా పెట్టాలనిపిస్తుంది, మన ఇళ్ళల్లో అయితే మరీను, కానీ నెలల తరబడి సరిగ్గా తినని పాముకి ఆ తిండిని అరిగించుకునే శక్తి ఉండదు. దానికి ముందు వెచ్చదనం కావాలి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని కొన్ని రోజుల ప్రశాంతత, ఇవన్నీ అయ్యాకే తిండి, అది కూడా కొంచెం కొంచెంగా. ఈ వరుస తప్పితే తిన్నది కక్కేస్తుంది, కక్కిన ప్రతిసారీ ఇంకా నీరసపడుతుంది.

నేనుండేది టెక్సాస్‌లో. ఇక్కడ పాములు, బల్లులు అమ్మే ఏ రెప్టైల్ షోకి వెళ్ళినా బాల్ పైథాన్లే ఎక్కువ కనిపిస్తాయి, పెట్ షాపుల్లోనూ దొరుకుతాయి. కాలేజీ పిల్లలు ముచ్చటపడి కొంటారు, చదువైపోయి ఊరు మారేటప్పుడు ఎవరో ఒకరికి ఇచ్చేసి వెళ్ళిపోతారు. బాగా చూసుకుంటే 20, 30 ఏళ్ళు బతికే పాము ఇది, అంటే ఒక మనిషి చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ దాటి బతుకుతుంది. అలా చేతులు మారే వాటిలో బక్కగా ఉన్నవే ఎక్కువ. తెలుగువాళ్ళ పిల్లలు కూడా ఇప్పుడు వీటిని ఇంటికి తెస్తున్నారు, తెచ్చాక అమ్మానాన్నలే చూసుకోవాల్సి వస్తోంది, వాళ్ళకు అర్థమయ్యేలా తెలుగులో ఎక్కడా రాసినట్టు కనిపించలేదు కాబట్టి రాస్తున్నాను.

అసలు బక్కగా ఉందా, ఊరికే తినడం మానేసిందా

ఈ రెండూ వేరు. బాల్ పైథాన్ తిండి మానేయడంలో పేరున్న పాము. పెద్దవి, ముఖ్యంగా మగవి, చలికాలంలో రెండు మూడు నెలలు ఎలుకను కన్నెత్తి కూడా చూడకుండా ఉంటాయి, అయినా బరువు పెద్దగా తగ్గదు. అది దాని స్వభావం, టెన్షన్ పడక్కర్లేదు. గుడ్లు పెట్టిన ఆడపాము గుడ్ల చుట్టూ చుట్టుకుని తిండి లేకుండా ఉండి బాగా చిక్కిపోతుంది, అందులోనూ వింత లేదు, గుడ్ల పని అయిపోయాక చాలావరకు తనంతట తానే తినడం మొదలుపెడుతుంది.

చిక్కిపోయిన పాము అలా ఉండదు. వెన్నెముక పైకి పొడుచుకొచ్చి రెండు పక్కలా కండ జారిపోయి, ఒళ్ళు అడ్డంగా చూస్తే పెంకుటింటి కప్పులా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ ఒళ్ళు గుండ్రంగా, పైన కొంచెం మొనదేలి ఉంటుంది కానీ వెన్నుపూసలు విడివిడిగా వేలికి తగలవు. చర్మం వదులై, ఒంటిని వంచినప్పుడు పొడవుగా మడతలు పడుతుంటే కండ పోయిందని అర్థం. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉంటే, తోక మొదట్లో తుంటి ఎముకల దగ్గర గుంట పడితే, తలకంటే మెడ వెనక భాగం మరీ సన్నబడితే అది తీవ్రమైన స్థితి. ఆ దశలో ఈ వ్యాసం చదువుతూ కూర్చోకుండా ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

కంటితో చూసింది చాలదు, బరువు తూచాలి. గ్రాముల్లో చూపించే డిజిటల్ కిచెన్ స్కేల్ ఒకటి పాము కోసమే విడిగా కొనండి, వంటకి వాడేది వాడొద్దు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా దాని మీద పెట్టి, సున్నా చేసి, పాముని అందులో ఉంచితే బరువు తెలుస్తుంది. పెద్ద ఆడపాము మామూలుగా ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోల మధ్య, మగది కిలో నుంచి కిలోన్నర మధ్య ఉంటుంది, కానీ ఒక్కో పాము ఒక్కో రకం కాబట్టి అంకె కంటే ఒంటి తీరే ముఖ్యం. వారానికి ఒక్కసారి, తిండి పెట్టే ముందు, అదే స్కేల్ మీద తూచి నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. రోజూ తూచకండి. నీళ్ళు తాగినా, మలవిసర్జన చేసినా అంకె మారిపోతుంది, ఆ మార్పులు చూసి మనం కంగారు పడటం, దాన్ని పదేపదే బయటికి తీసి ఇబ్బంది పెట్టడం తప్ప ఉపయోగం లేదు. తిండి మానేసిన పాము మొదటి బరువులో 10 శాతం దాటి తగ్గితే డాక్టర్‌కి చూపించండి.

ముందు వేడి

బాల్ పైథాన్ సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ నుంచే ఇవి ఎక్కువగా ఇక్కడికి వచ్చాయి. అక్కడ ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని పగలంతా గడుపుతాయి, లోపల వెచ్చగా, చెమ్మగా ఉంటుంది. దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలి మీద ఆధారపడుతుంది కాబట్టి చలిలో ఉన్న పాము కడుపులో ఎలుక అరగదు, కుళ్ళిపోతుంది. చాలా పాములు తిన్నది కక్కడానికి కారణం ఇదే.

ట్యాంకులో ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. వెచ్చటి పక్క నేల మీద 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 31 నుంచి 33 సెల్సియస్. చల్లటి పక్క 76 నుంచి 80, అంటే 24 నుంచి 27 సెల్సియస్. రాత్రి కూడా 75 కంటే కిందికి రానివ్వకండి. ఎటు ఉండాలో పామే ఎంచుకుంటుంది, బక్కపాము వెచ్చటి పక్కే ఎక్కువసేపు గడుపుతుంటే అది సహజం. హీట్ మ్యాట్ పెట్టినా, పైన సిరామిక్ హీటర్ పెట్టినా, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ తప్పకుండా ఉండాలి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ 110 దాటి వేడెక్కి పాము పొట్ట కాల్చేస్తుంది, కాలుతున్నా అది పక్కకి జరగకపోవచ్చు. గాజుకి అంటించే గుండ్రటి థర్మామీటర్లు పనికిరావు, పొడవాటి వైరు చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ రకం రెండు కొని ఒకటి ఇటు, ఒకటి అటు నేల మీదే ఉంచండి.

చెమ్మ 60 నుంచి 80 శాతం ఉండాలి. ఇది చాలామంది పట్టించుకోరు. చలికాలంలో ఇంట్లో హీటర్ తిరుగుతుంటే గాలి ఎండిపోయి, మన పెదాలే పగులుతాయి, జాలీ మూత ఉన్న ట్యాంకులో చెమ్మ 30కి పడిపోతుంది. మూతలో మూడొంతులు అల్యూమినియం ఫాయిల్‌తో కప్పేసి కొంచెం గాలి ఆడేలా వదలండి, హీటర్ ఉన్న భాగం మాత్రం కప్పొద్దు. ప్లాస్టిక్ డబ్బాకి చిన్న గుమ్మం కోసి లోపల తడిపి పిండిన స్ఫాగ్నమ్ మాస్ (తేమను పట్టి ఉంచే నాచు) వేసి ఉంచితే పాము తనకు కావాలనుకున్నప్పుడు దూరుతుంది, కుబుసం విడవడానికి కూడా అది బాగా పనికొస్తుంది.

కోలుకుంటున్నన్ని రోజులూ ట్యాంకు కింద మట్టీ చెక్కపొట్టూ వద్దు, తెల్లటి పేపర్ టవల్స్ చాలు. అందంగా ఉండదు, కానీ మలం ఎలా ఉందో, రక్తం పడుతోందో, నల్లటి చుక్కల్లా పాకే మైట్లు ఉన్నాయో వెంటనే కనిపిస్తుంది. దాక్కోవడానికి రెండు గూళ్ళు కావాలి, వెచ్చటి పక్క ఒకటి, చల్లటి పక్క ఒకటి. పాము చుట్ట చుట్టుకుంటే ఒళ్ళంతా గోడలకు తగిలేంత ఇరుకుగా ఉండాలి. పెద్ద గూడు ఇస్తే సుఖంగా ఉంటుందనుకుంటాం, దానికి మాత్రం ఇరుకులోనే ధైర్యం. ఒకటే గూడు ఉంటే వేడి కావాలా, దాక్కోవాలా అన్న ఇబ్బందిలో పడి రెండూ సరిగ్గా దక్కించుకోలేదు.

తర్వాత నీళ్ళు

చిక్కిపోయిన పాముల్లో ఎక్కువశాతం నీరు కూడా తక్కువై ఉంటాయి. చర్మాన్ని మెల్లగా వేళ్ళతో ఎత్తి వదిలితే వెంటనే వెనక్కి రాకపోవడం, కళ్ళు లోపలికి పోవడం, నోట్లో జిగట సాగడం, పాత కుబుసం ముక్కలుముక్కలుగా ఒంటికి అతుక్కుని ఉండటం దీనికి గుర్తులు. మూత్రానికి బదులు తెల్లగా వచ్చే యూరేట్ ముద్ద సున్నపురాయిలా గట్టిపడి ఉంటే కూడా నీళ్ళు చాలట్లేదని అర్థం. నీళ్ళు తక్కువగా ఉన్న ఒంట్లోకి తిండి పంపిస్తే మూత్రపిండాల మీద భారం పడుతుంది, అందుకే ఈ దశ దాటే వరకు ఎలుక ఊసెత్తొద్దు.

పాము చుట్ట చుట్టుకుని కూర్చోగలిగేంత బరువైన నీళ్ళ గిన్నె ఎప్పుడూ లోపల ఉండాలి, నీళ్ళు రోజూ మార్చాలి. దానికి తోడు మూత ఉన్న డబ్బాలో గోరువెచ్చని నీళ్ళు పోసి పాముని ఓ పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టవచ్చు. నీళ్ళు పాము ఒంట్లో సగం ఎత్తు దాటకూడదు, వేడి 80 నుంచి 85 ఫారెన్‌హీట్ చాలు, మన చేతికి చల్లగానూ వేడిగానూ అనిపించదు. నీరసించిన పాము తల ఎత్తి ఉంచలేక నీళ్ళలో ముంచేసుకుంటుంది, కాబట్టి పక్కనే కూర్చోండి, ఫోన్ వచ్చిందని లేచి వెళ్ళకండి. మొదటి కొన్ని రోజులు ఇలా రోజు విడిచి రోజు చేయొచ్చు. స్నానం అయ్యాక పొడి గుడ్డలో పెట్టి తనంతట తానే పాకేలా వదిలితే అతుక్కుపోయిన కుబుసం మెత్తబడి ఊడిపోతుంది. కళ్ళ మీది పొర మాత్రం గోరుతో, పట్టుకారుతో లాగకండి, కన్నే పోతుంది. బాగా ఎండిపోయిన పాముకి ఇంట్లో నీళ్ళు చాలవు, డాక్టర్ చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు.

ఇక్కడ ఇండియా నుంచి ఫోన్‌లో పెద్దవాళ్ళు కచ్చితంగా చెప్పే మాట ఒకటుంది, కాసిని పాలు పోసి చూడమని. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం మన భక్తి, దాని జోలికి నేను వెళ్ళను. కానీ పాము మాంసాహారి, పాలను అరిగించుకోలేదు. దాహంతో నకనకలాడే పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది, పాలు తాగితే కడుపు పాడై ఇంకా నీరు కోల్పోతుంది. కోడిగుడ్డు కూడా అంతే, బాల్ పైథాన్ దాన్ని తిండిగా గుర్తించదు. షాపులో కొన్న చికెన్ ముక్కలు పెట్టినా ప్రయోజనం లేదు, ఎముకలు, కాలేయం, బొచ్చుతో సహా మొత్తం ఎలుక వల్లే దానికి కావాల్సిన కాల్షియం, విటమిన్లు అందుతాయి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

నా సలహా అడిగితే, ఎక్కడినుంచో వచ్చిన బక్కపాముని మొదటి వారంలోనే ఒకసారి చూపించేయండి. కుక్కలూ పిల్లులూ చూసే వెట్ అందరికీ పాములు తెలియవు. అసోసియేషన్ ఆఫ్ రెప్టీలియన్ అండ్ యాంఫిబియన్ వెటర్నేరియన్స్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొట్టి దగ్గర్లో పాముల్ని చూసే డాక్టర్‌ని వెతకొచ్చు. వెళ్ళేటప్పుడు తాజా మలం జిప్ కవర్‌లో వేసి, మన తిండి పెట్టని చోట చల్లగా ఉంచి తీసుకెళ్ళండి. మీరు రాసుకున్న బరువులు, ట్యాంకు ఫొటోలు, థర్మామీటర్ అంకెలు కూడా చూపించండి, సగం రోగం అక్కడే దొరుకుతుంది.

ఎందుకంటే చిక్కిపోవడం రోగం కాదు, రోగానికి గుర్తు. వేడి చాలకపోవడం, చెమ్మ చాలకపోవడం అన్నిటికంటే మామూలు కారణాలు. వాటి తర్వాత కడుపులో పురుగులు, ఒంటి మీద మైట్లు, నోటిలో చీము పట్టే స్టొమటైటిస్, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. పైథాన్లలో నైడోవైరస్ అనే వైరస్ ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి కడుపు గోడల్ని మందంగా చేసి పొట్ట మధ్యలో గట్టి ఉబ్బు తెస్తుంది, తిన్నది తిన్నట్టు కక్కిస్తుంది, దీనికి నమ్మకమైన చికిత్స లేదు. వీటిని మన కంటితో తేల్చలేం, మలపరీక్షలు, పీసీఆర్ పరీక్షలు అందుకే. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన పురుగుల మందు డోసు చూసి ఇంట్లో ఇచ్చేయకండి, నీరసించిన కాలేయం దాన్ని తట్టుకోలేక పాము చనిపోవచ్చు.

నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, ముక్కు నుంచో నోటి నుంచో బుడగలు వస్తుంటే, తల పైకెత్తి ఆకాశం చూస్తూ ఉండిపోతే, వెల్లకిలా తిప్పితే తనంతట తాను తిరగలేకపోతే, మలంలో రక్తం ఉంటే, వరసగా రెండుసార్లు కక్కితే ఆ రోజే తీసుకెళ్ళండి. ఇంట్లో ఇంకో పాము ఉంటే కొత్తదాన్ని కనీసం రెండు మూడు నెలలు వేరే గదిలో ఉంచి, ముందు పాతదాని పని చూసుకున్నాకే కొత్తదాని దగ్గరికి వెళ్ళండి, పటకారు, గిన్నెలు అన్నీ విడివిడిగా పెట్టుకోండి.

ఇప్పుడు తిండి

వేడి, చెమ్మ కుదిరి, పాము నీళ్ళు తాగి, వారం రోజులు ఎవరూ ముట్టుకోకుండా గడిచి, డాక్టర్ సరే అన్నాక మొదటి ఎలుక. బక్కచిక్కిన పాము పెద్ద భోజనాన్ని ఎందుకు తట్టుకోలేదో అర్థమైతే మనకే తొందర తగ్గుతుంది. పైథాన్ ఎలుకను మింగాక దాని పేగులు, కాలేయం, గుండె అన్నీ పెరిగి పనిలోకి దిగుతాయి. బర్మీస్ పైథాన్ల మీద చేసి 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, భోజనం చేసిన 48 గంటల్లో గుండె జఠరికల బరువు 40 శాతం పెరిగినట్టు చూశారు. అంటే అరిగించుకోవడానికే చాలా శక్తి ఖర్చవుతుంది, ఆ శక్తి బక్కపాము ఒంట్లో లేదు. రెండోది, ఎక్కువకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి వస్తే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి లాగబడి రక్తంలో పడిపోతాయి, గుండె లయ తప్పుతుంది. రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు, మనుషులకూ ఇది వస్తుంది. బాగా తిన్న రెండు మూడు రోజులకే బక్కపాము ఉన్నట్టుండి చనిపోతే కారణం ఇది కావచ్చు.

కాబట్టి మొదటి భోజనం దాని బరువులో 3 నుంచి 5 శాతం మించకుండా చూసుకోండి, ఇంకా బలహీనంగా ఉంటే అంతకంటే తక్కువ, ఎంతన్నది డాక్టర్ చెప్పాలి. 800 గ్రాముల పాముకి 5 శాతం అంటే 40 గ్రాములు, అప్పుడే తల్లిపాలు మానిన ఎలుక పిల్ల అంత. మొదటిసారి అంత కూడా వద్దు, 25 గ్రాముల పెద్ద చిట్టెలుక (మౌస్) చాలు. ఎలుక లావు పాము ఒంట్లో అన్నిటికంటే లావుగా ఉన్న చోటు కంటే తక్కువ ఉండాలి. తిన్నాక వారం ఆగండి. కక్కకపోతే, మలం మామూలుగా వస్తే మళ్ళీ అంతే పరిమాణం. ఇలా మూడు నాలుగు భోజనాలు ఒడ్డున పడ్డాకే పరిమాణం కొంచెం పెంచండి. తొందరగా బరువెక్కాలని ఒకేసారి రెండు ఎలుకలు ఇవ్వకండి, బరువు నెలల్లో పెరగాల్సిందే, వారాల్లో కాదు.

ఎలుకలు చనిపోయి, గడ్డకట్టినవే కొనండి. బతికున్న ఎలుక బక్కపాముని కొరికేస్తుంది, ఓపిక లేని పాము అడ్డుకోలేదు, వీపు మీద ఎముక కనిపించేదాకా కొరికించుకున్న పాములు ఉన్నాయి. గడ్డకట్టిన ఎలుకను ముందు రోజు రాత్రి, మన తిండి పెట్టని ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరిగించి, పెట్టే ముందు జిప్ కవర్‌లో వేసి వేడి నీళ్ళలో ముంచండి. మైక్రోవేవ్‌లో పెట్టకండి, లోపల ఉడికిపోయి పొట్ట పగులుతుంది. ఎలుక తల దగ్గర సుమారు 100 ఫారెన్‌హీట్ వేడి ఉండాలి. బాల్ పైథాన్ పై పెదవి మీద వరసగా గుంటలు ఉంటాయి, వాటితో అది వేడిని చూస్తుంది, చల్లటి ఎలుక దానికి తిండిలాగే అనిపించదు.

చీకటి పడ్డాక, గదిలో లైట్లు తగ్గించి, పొడవాటి పటకారుతో ఎలుక తోక పట్టుకుని గూడు గుమ్మం ముందు మెల్లగా కదపండి. ముఖానికి కొట్టినట్టు దగ్గరికి తేకండి, భయపడి వెనక్కి పోతుంది. మూతి తిప్పుకుంటే ఎలుకను గూటి ముందు పెట్టి తలుపు మూసి వెళ్ళిపోండి, తెల్లారేసరికి తిని ఉండొచ్చు. తినకపోతే తీసి పారేయండి, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, మర్నాడే మళ్ళీ ప్రయత్నించొద్దు, ఐదారు రోజులు ఆగండి. మొండికేసిన పాములకు కొన్ని కిటుకులు పనికొస్తాయి. ఎలుకకి బదులు చిట్టెలుక, చిట్టెలుకకి బదులు ఎలుక మార్చి చూడటం. పశ్చిమ ఆఫ్రికాలో దాని సహజ ఆహారమైన మాస్టోమిస్ ఎలుకలు ఇక్కడ ఆఫ్రికన్ సాఫ్ట్ ఫర్ పేరుతో అమ్ముతారు, వాటికి లొంగని బాల్ పైథాన్ తక్కువ, కానీ తర్వాత వాటినే అడుగుతుందేమో చూసుకోవాలి. పాముని, వెచ్చటి ఎలుకని కలిపి గోధుమరంగు పేపర్ కవర్‌లో పెట్టి, మూతి మడిచి ట్యాంకులోనే రాత్రంతా వదిలేస్తే ఆ ఇరుకులో తినేవి ఉన్నాయి.

తిన్న తర్వాత 48 గంటలు ముట్టుకోవద్దు, ఇంకా బక్కగా ఉంటే మూడు నాలుగు రోజులైనా సరే. కక్కితే, రెండు వారాలు ఏమీ పెట్టకుండా నీళ్ళు మాత్రం ఇచ్చి, వేడి ఒకసారి సరిచూసుకుని, మళ్ళీ పెట్టేటప్పుడు అంతకుముందు దానిలో సగం పరిమాణం పెట్టండి. కక్కేటప్పుడు కడుపులోని ఆమ్లం గొంతును కాలుస్తుంది, ఆ పుండు మానడానికే ఈ విరామం.

నోరు తెరిచి బలవంతంగా తినిపించే పని మీరు మొదలుపెట్టొద్దు. వీడియోల్లో తేలిగ్గా కనిపిస్తుంది, కానీ సున్నితమైన పళ్ళు విరుగుతాయి, చిగుళ్ళు చిట్లుతాయి, పాము భయంతో ఇంకొన్నాళ్ళు తిండి ముట్టదు. అంత అవసరమైతే డాక్టర్ సన్నటి ట్యూబ్‌తో ఎమెరెయిడ్ కార్నివోర్, ఆక్స్‌బో కార్నివోర్ కేర్ లాంటి పొడిని నీళ్ళలో కలిపి కడుపులోకి నేరుగా పంపిస్తారు. ఎలా చేయాలో వాళ్ళే చేతిమీద నేర్పిస్తే ఇంట్లో కొనసాగించవచ్చు.

ఇంట్లో మిగతావాళ్ళ సంగతి

పాములు సాల్మొనెల్లా మోస్తాయి, చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవి కూడా. ఐదేళ్ళలోపు పిల్లలు, 65 దాటిన పెద్దవాళ్ళు, రోగనిరోధక శక్తి తక్కువున్న వాళ్ళ దగ్గర పాముల్ని ఉంచొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. కోడలు పురిటికి ఇండియా నుంచి అత్తామామలు, అమ్మానాన్నలు ఆరు నెలల వీసాలో వచ్చే ఇళ్ళు మనవి, అలాంటప్పుడు పాము గదికి తాళం వేయండి, కుదరకపోతే పిల్ల పుట్టకముందే నమ్మకమైన వాళ్ళ దగ్గరికి పంపండి. నీళ్ళ గిన్నె వంటింటి సింకులో కడగకండి. ఎలుకల కోసం గ్యారేజ్‌లో చిన్న ఫ్రీజర్ పెట్టుకోండి, శాకాహారుల ఇల్లయితే ఇది గౌరవానికి కూడా సంబంధించిన విషయం, పెద్దవాళ్ళ పచ్చళ్ళు ఉన్న ఫ్రిజ్‌లో ఎలుక సంచీ కనబడకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. కోలుకుంటున్న పాముని వదిలి నెల రోజులు ఇండియా వెళ్ళాల్సి వస్తే పక్కింటివాళ్ళకి అప్పచెప్పకండి, అలవాటున్నవాళ్ళని వెతకండి, వేడి ఆగిపోతే చూసి సరిచేసే మనిషి ఉండాలి.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళకు రెండు మాటలు. మన దేశపు పాముల్ని, జెర్రిపోతు అయినా, కొండచిలువ అయినా, నాగుపాము అయినా, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. దెబ్బతిన్న పాము కనిపిస్తే అటవీశాఖకి చెప్పండి, హైదరాబాద్ చుట్టుపక్కల అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేయండి, మీరు ఇంట్లో పెట్టుకుని బాగుచేయాలని చూడకండి. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతి ఉన్నవాళ్ళు ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి, ఆ కాగితం లేకుండా కొనకండి.

కార్న్ స్నేక్ అనే ఇంకో రకం పెంపుడు పాము ఉన్నవాళ్ళు కూడా ఈ వరుసనే పాటించవచ్చు, కాకపోతే దానికి వేడి కొంచెం తక్కువ కావాలి, వెచ్చటి పక్క 85 నుంచి 88 చాలు, చెమ్మ కూడా అంత అక్కర్లేదు, పైన చెప్పిన క్రిప్టోస్పోరిడియం మాత్రం దానికి మరీ ప్రమాదం.

బాగుపడుతోందని ఎలా తెలుస్తుంది

బరువు కంటే ముందు ప్రవర్తన మారుతుంది. రాత్రిళ్ళు గూటి నుంచి తల బయటపెట్టి నాలుక ఆడించడం, చేతిలో పెట్టుకుంటే ఒళ్ళు బిగించి పట్టుకోవడం, మలం ఆకారంతో రావడం ముందుగా కనిపిస్తాయి. తర్వాత వెన్నెముక పక్కన కండ పేరుకుంటుంది. ఆ తర్వాతి కుబుసం ఒకే ముక్కగా, కళ్ళ పొరలతో సహా ఊడితే చెమ్మ, నీళ్ళు సరిపోయినట్టే. బరువు కొన్ని వారాలు అక్కడే ఆగిపోయినా దిగులు పడకండి, కానీ తింటూ కూడా తగ్గుతుంటే మలం మళ్ళీ పరీక్ష చేయించండి. మొదటి పరీక్షలో పురుగులు దొరకలేదంటే లేవని కాదు, కొన్నిసార్లు రెండోదాంట్లో బయటపడతాయి.

ఒళ్ళు గుండ్రంగా వచ్చి, వరసగా రెండు మూడు నెలలు బరువు నిలకడగా ఉంటే వారం వారం పెట్టడం ఆపేయండి. పెద్ద పాముకి దాని బరువులో 5 శాతం ఎలుక, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి చాలు. వయసు చిన్నదైతే 10 శాతం దాకా, వారం పది రోజులకోసారి. పస్తులున్న పాముకి ఎంత పెట్టినా తప్పులేదనిపిస్తుంది, అలా పెట్టుకుంటూ పోతే కొవ్వు పట్టి కాలేయం పాడవుతుంది. చర్మం మడతల మధ్య పొలుసులు విడిపోయి కనిపిస్తుంటే, తోక దగ్గర గడ్డల్లా కొవ్వు తగులుతుంటే భోజనాల మధ్య వ్యవధి పెంచండి. ఇక నుంచి తూకం నెలకోసారి చాలు, పేపర్ టవల్స్ తీసేసి కొబ్బరిపీచు పొట్టు వేసుకోవచ్చు, చేతిలోకి తీసుకోవడం వారానికి ఒకటి రెండుసార్లు, పది నిమిషాలతో మొదలుపెట్టండి.